ఎనభై ఎనిమిదో నిమిషం దాకా మనమూ ఓడినవాళ్ళమే

ఆట చివరి బంతికో చివరి నిమిషానికో తేలిపోగానే టీవీ కెమెరా ఒక మొహం కోసం వెతుకుతుంది. స్టాండులో తల పట్టుకుని కూర్చున్న పిల్లాడో, బుగ్గ మీది రంగు కన్నీళ్ళకు కరిగిపోతున్న అమ్మాయో దొరుకుతారు. ఇంకో అయిదు నిమిషాల్లో ఆ మొహం మన ఫోన్లలో ఉంటుంది, పక్కన బ్రహ్మానందం బొమ్మతో సహా. ఇదేం పని అని అడిగితే "స్పోర్టివ్‌గా తీసుకో బ్రో" అంటారు. అంటే స్పోర్టివ్‌గా ఉండాల్సింది ఓడినవాడే. గెలిచినవాడికి ఆ బాధ్యత లేదు. ఈ న్యాయం నాకు ఎప్పటికీ అర్థం కాదు.

నేనేదో పెద్దమనిషినని ఈ మాట అనడం లేదు. 2022 మార్చి 20, ఆదివారం. వర్క్ ఫ్రమ్ హోమ్ పుణ్యమా అని అప్పటికి రెండేళ్ళుగా చందుర్తిలోనే ఉంటున్నా. ఐఎస్ఎల్ ఫైనల్, గోవాలోని ఫతోర్డా స్టేడియంలో, మన హైదరాబాద్ ఎఫ్‌సీకీ కేరళ బ్లాస్టర్స్‌కీ. మా ఊళ్ళో కబడ్డీ అంటే వాడకట్టు వాడకట్టంతా వస్తుంది గానీ ఫుట్‌బాల్ చూసేది బహుశా నేనొక్కణ్ణే. పక్కన కూర్చున్న మా కాక "ఒక్క గోలు కోసం గింతసేపు ఉరుకుడేందిరా" అని విసుక్కుంటున్నాడు.

68వ నిమిషంలో రాహుల్ కేపీ కేరళకు గోల్ కొట్టాడు. ఆ తర్వాతి ఇరవై నిమిషాలు నేనెట్లా ఉన్నానో చెప్పాలి, ఎందుకంటే నా గొడవంతా ఆ ఇరవై నిమిషాల గురించే. నేను అప్పటికే ఓడిపోయాను. సాకులు కూడా సిద్ధం చేసుకున్నాను: నిన్న మొన్న పుట్టిన జట్టు, మొదటి సీజన్‌లో అట్టడుగున ఉన్న జట్టు, ఫైనల్ దాకా రావడమే ఎక్కువ. మా టీములో పనిచేసే మలయాళీ మిత్రుడికి అభినందనలు టైప్ చేసి, పంపకుండా పెట్టుకున్నాను. పొట్టలో ఏదో బండరాయి ఉన్నట్టుంది. కాక కూడా నా మొహం చూసి మాట్లాడటం మానేశాడు.

88వ నిమిషం. సాహిల్ తవోరా గాల్లో ఉన్న బంతిని బాక్సు బయటి నుంచి కొట్టాడు. 1-1. అదనపు సమయంలోనూ తేలలేదు. పెనాల్టీల్లో మన గోలీ కట్టిమణి మూడు ఆపాడు, 3-1తో కప్పు మనది. నేను టైప్ చేసిన అభినందన చెరిపేసి, అదే మిత్రుడికి ఏడుపు మీములు వరసపెట్టి పదో పన్నెండో పంపాను.

మర్నాడు పొద్దున అతను "కంగ్రాట్స్" అని ఒక్క మాట రాశాడు. దాని కింద ఒక వార్త. ఆ ఆట చూడటానికి గోవా బయల్దేరిన ఇద్దరు కేరళ అభిమానులు దారిలో, కాసర్‌గోడ్ జిల్లాలో రోడ్డు ప్రమాదంలో చనిపోయారు. నేను ఆ మీములన్నీ డిలీట్ చేశాను.

ఇక్కడితో ఆపేస్తే మంచి నీతికథే. కానీ నాకు సిగ్గు వేసేది వేరే దానికి. ఇద్దరు చనిపోతే గానీ నాకు ఎదుటివాడు కనబడలేదు. మన జాలి అంతా ఇట్లాగే ఉంటుంది, దానికి రక్తం చూపించాలి. 2019 మే 12న ఉప్పల్‌లో ఐపీఎల్ ఫైనల్. మలింగ చివరి బంతికి శార్దూల్ ఠాకూర్ ఎల్బీడబ్ల్యూ, చెన్నై ఒక్క పరుగుతో ఓడింది. 80 పరుగులు చేసిన వాట్సన్ ఆ చివరి ఓవర్లోనే రనౌటయ్యాడు. ఆ రాత్రి నాకొచ్చినవన్నీ చెన్నైవాళ్ళ మీద జోకులే. మర్నాడు హర్భజన్ సింగ్ అసలు సంగతి బయటపెట్టాడు: వాట్సన్ మోకాలి నుంచి రక్తం కారుతుండగానే ఆడాడు, ఆట అయ్యాక ఆరు కుట్లు పడ్డాయి. ఇంకేముంది, నిన్న జోకులు పంపినవాళ్ళే ఇవాళ "రెస్పెక్ట్" అని చేతులు జోడించారు. గాయం లేకుండా ఓడిపోయి ఉంటే ఆయన బాధకు విలువ లేదన్నమాట. అది ఓడినవాడి మీద సానుభూతి కాదు, పేషెంటు మీద సానుభూతి.

చివరి నిమిషంలో ఓడటానికీ మామూలుగా ఓడటానికీ చాలా తేడా ఉంది. 4-0తో ఓడినవాడు హాఫ్ టైముకే తన దుఃఖానికి అలవాటు పడతాడు. 88వ నిమిషం దాకా కప్పు పట్టుకున్నవాడికి ఆ వ్యవధి దొరకదు. ఇంటికి ఫోన్ చేసి చెప్పేసి ఉంటాడు కూడా. అయితే ఇక్కడే అసలు సంగతి ఉంది. ఇలాంటి ఆటలో గెలిచినవాడికి ఆ ఓటమి ఎట్లా ఉంటుందో ఎవరూ చెప్పక్కర్లేదు, ఇప్పుడే చూసి వచ్చాడు. రెండు జట్ల అభిమానులూ ఒకే ఓటమిని వంతులవారీగా మోశారు, విజిల్ మోగేసరికి అది ఒకరి నెత్తిన ఉండిపోయింది. అందుకే ఓడినవాడి మీద జాలికి పెద్ద మనసు అక్కర్లేదంటాను. అరగంట కింద మనమేమైనమో యాది ఉంటే చాలు. వెక్కిరించేవాడు చెడ్డవాడని నేననను, వాడికి మతిమరుపు.

"పగ లేకపోతే ఆటేముంది? ఎదుటి జట్టు మీద జాలిపడేవాడు అసలు ఫ్యానే కాదు" అనే వీరులు ఉంటారు. (వీళ్ళే సినిమాల దగ్గర తమ హీరో హిట్టు కంటే అవతలి హీరో ఫ్లాపుకు ఎక్కువ టపాసులు కాలుస్తారు.) సంబరం మానమని నేనెక్కడన్నాను? ఎగరండి, అరవండి, ఎకసెక్కాలాడండి. మా దిక్కు పక్క ఊరి కబడ్డీ టీమును ఓడిస్తే వారం రోజులు ఏడిపిస్తారు. కానీ మర్నాడు వేములవాడ బస్సులో పక్క సీట్లో కూర్చునేది అదే మనిషి కాబట్టి ఎక్కడ ఆపాలో తెలుసు. ఫోనులో ఆ బస్సు లేదు.

పగే ఫుట్‌బాల్‌కు ప్రాణం అనేవాళ్ళకు మన హైదరాబాదీ కోచ్ రహీం సాబ్ జట్టు కథ ఒకటుంది. 1962 జకార్తా ఆసియా క్రీడల ఫైనల్లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించిన జట్టది. రాజకీయ కారణాల వల్ల స్టేడియం మొత్తం భారత్‌కు వ్యతిరేకంగా అరుస్తుంటే, మనకోసం అరిచింది పాకిస్తాన్ హాకీ ఆటగాళ్ళేనని ఆనాటి మన ఆటగాళ్ళు చెప్పేవారు. అవే క్రీడల హాకీ ఫైనల్లో మనల్ని ఓడించి బంగారు పతకం పట్టుకుపోయినవాళ్ళు వాళ్ళు.

ఇక మా మిత్రుడి సంగతి. కేరళ 2014 ఫైనల్ ఇంజురీ టైంలో గోల్ ఇచ్చి ఓడింది, 2016లో సొంతగడ్డ కొచ్చిలో పెనాల్టీల్లో ఓడింది, 2022 మన చేతిలో. మూడు ఫైనళ్ళు, మూడూ అట్లాంటివే. మనకు కప్పుంది. జట్టు లేదు. డబ్బు కష్టాలు ముదిరి, యజమానులు మారి, 2025లో అది ఢిల్లీకి వెళ్ళిపోయింది, పేరు కూడా మార్చుకుని. నాకు ఏడవడానికి కూడా మొహం లేదు, ఎందుకంటే 2019లో పుణేవాళ్ళ జట్టు మూతపడితేనే ఆ ఖాళీలో మనకు జట్టు వచ్చింది. ఆ రోజు పుణేలో జెర్సీ మడిచి బీరువాలో పెట్టుకున్నవాడి గురించి నేను ఒక్క నిమిషం ఆలోచించలేదు.

ఢిల్లీ వార్త వచ్చిన రోజు మా మిత్రుడు ఫోన్ చేశాడు. మీములు పంపుతాడేమో అనుకున్నా, పంపే హక్కు అతనికుంది. "నీ జెర్సీ ఏం చేశావ్?" అని అడిగాడు. ఊళ్ళో ఉంది, మా కాక వేసుకుని పొలం కాడికి పోతున్నాడని చెప్పా. "పసుపే కదా, మాదీ పసుపే. ఈసారి కొచ్చి వస్తే అది వేసుకునే రా, ఎవరూ ఏమనరు" అన్నాడు.

కాకను అడిగి చూడాలి, ఇస్తాడో ఇవ్వడో.