సిఫారసు ఎక్కడివరకు న్యాయం?

సరిహద్దు పల్లెలలో పిల్లలు డిగ్రీ పూర్తిచేయగానే ఇంట్లో వినవచ్చే మొదటి ప్రశ్న: "లోపల మనవాళ్లెవరైనా ఉన్నారా?" బీదర్, భాల్కి, ఔరాద్, హుమ్నాబాద్ తాలూకాల తెలుగు కుటుంబాలకు ఈ ప్రశ్న మరింత బరువైనది. చుట్టాలు జహీరాబాదు, నారాయణఖేడ్ వైపు; కొలువులిచ్చే కచేరీలు కలబురగి, బెంగళూరులలో. ఆ దూరమే పైరవీకారుని పెట్టుబడి.

ఈ చింత కొత్తది కాదు. 1956 వరకు బీదర్ హైదరాబాదు రాష్ట్రంలోనిదే. స్థానికుల కొలువులు స్థానికులకే దక్కాలన్న ముల్కీ నిబంధనలుండగా, బోగస్ ధ్రువపత్రాలతో ఇతరులు చేరుతున్నారని 1952లో హైదరాబాదు అట్టుడికింది. నియమమున్నా పరిచయం దానిని వంచగలదని నాడే తేలింది.

98వ రాజ్యాంగ సవరణతో వచ్చిన 371(జె) అధికరణం 2013 నుండి మన ప్రాంతానికి అండగా నిలిచింది. ప్రాంతీయ కొలువులలో గ్రూప్ సి పోస్టులలో 80 శాతం, గ్రూప్ డి పోస్టులలో 85 శాతం స్థానికులకు కేటాయించారు. ఇది బయటివారి పోటీని తగ్గించింది. కానీ మనలో మనకు జరిగే అన్యాయాన్ని ఆపజాలదు.

2021 అక్టోబరు 3న కర్ణాటకలో 545 పోలీసు సబ్ ఇన్‌స్పెక్టర్ పోస్టులకు పరీక్ష జరిగింది. పొరుగునే ఉన్న కలబురగి కేంద్రంలోని అక్రమాలతో కుంభకోణం బయటపడి, 2022 ఏప్రిల్‌లో ఆ నియామకం రద్దయింది. నియామక విభాగానికి అధిపతిగా ఉండిన ఉన్నతాధికారే ఆ జూలైలో అరెస్టయ్యారు. మరల పరీక్ష జరిగింది 2024 జనవరిలో. అవతలి తెలంగాణలోను అంతే: 2022 అక్టోబరు నాటి గ్రూప్-1 ప్రాథమిక పరీక్షను, ప్రశ్నపత్రం లోపలివారి చేతుల మీదుగానే పొక్కినందున 2023 మార్చిలో రద్దుచేశారు. నిజాయితీగా రాసినవారి కాలాన్ని తిరిగి ఇచ్చేదెవరు?

అయితే పరిచయమంతా పాపమేనా? 1970లలో అమెరికా సామాజికవేత్త మార్క్ గ్రానోవెటర్ పరిశోధించగా, చాలామందికి ఉద్యోగ సమాచారం తెలిసినవారి ద్వారానే, అందులోను అరుదుగా కలిసేవారి ద్వారా చేరినట్లు తేలింది. కబురు తెచ్చే పరిచయం వేరు, మార్కులు మార్చే పరిచయం వేరు. మొదటిదానిని నలుగురికీ చెప్పవచ్చు. రెండవదానిని చెవిలోనే చెప్పాలి. భేదమంతా అక్కడే.

కనుక కబురును ఊరి ఆస్తిగా మార్చుకుందాం. నోటిఫికేషన్ పంచాయతీ గోడపైన, బడి పలకపైన తెలుగులోను, కన్నడంలోను కనబడాలి. 371(జె) ధ్రువపత్రం ముందే చేయించుకోవాలి. కన్నడం రాయడం పట్టుదలతో నేర్పించాలి. పొలం తాకట్టు పెట్టి పైరవీకారునికి ముట్టజెప్పిన సొమ్ముకు రసీదు ఉండదు. కొలువు రాకున్నా అప్పు నిలుస్తుంది. ఆ సొమ్ముతో పిల్లలకు రెండేళ్ల చదువు కొనవచ్చు.