జెనెటిక్ ప్రోగ్రామింగ్‌లో భాగాల పరస్పరాధారం

వాతావరణ వివరాల నుంచి పైరు నీటి అవసరాన్ని అంచనా వేసే సూత్రాలను జెనెటిక్ ప్రోగ్రామింగ్ ద్వారా రాబట్టే ప్రయత్నాలు వ్యవసాయ పరిశోధనలో చోటుచేసుకుంటున్నాయి. 1992లో జాన్ కోజా గ్రంథంతో ప్రాచుర్యం పొందిన ఈ పద్ధతిలో ప్రోగ్రాముల ముక్కలను పరస్పరం మార్చి, మెరుగైన వాటిని తరతరాలుగా ఎంపిక చేస్తారు. ప్రజనన శాస్త్రవేత్తలకు ఇది సుపరిచితమైన మార్గమే. అయితే ఒక ముక్క విలువ దాని పక్కనున్న ముక్కలపై ఆధారపడి ఉంటుందన్న సంగతికి తగిన శ్రద్ధ లభించడం లేదు.

ఆహార, వ్యవసాయ సంస్థ 1998లో ప్రచురించిన పెన్‌మన్–మాంటీత్ సూత్రాన్నే పరిశీలించవచ్చు. అందులో గాలి వేగం రెండు చోట్ల కనిపిస్తుంది. లవంలో అది ఆవిరి పీడన లోటును గుణిస్తుంది, హారంలో 0.34 గుణకంతో నిలుస్తుంది. ఆ 0.34 యాదృచ్ఛికం కాదు. ప్రామాణిక గడ్డి పైరు ఉపరితల నిరోధం 70. దానిని 208ని గాలి వేగంతో భాగించగా వచ్చే వాయు నిరోధంతో భాగిస్తే ఆ గుణకం లభిస్తుంది. సంకరణంలో హారంలోని ముక్క ఊడిపోయి లవంలోనిది మిగిలితే, గాలి పెరిగిన కొద్దీ అంచనా అదుపు లేకుండా పెరుగుతుంది. హారంలోనిది మాత్రమే చేరితే అంచనా తగ్గిపోతుంది. రెండూ కలిసినప్పుడే మేలు చేసే ముక్కలు విడివిడిగా వచ్చినప్పుడు ఎంపికలో కొట్టుకుపోతాయి. జన్యుశాస్త్రం దీనినే ఎపిస్టాసిస్ అంటుంది.

గాలి వేగం పెద్దగా మారని ప్రాంతపు వివరాలతో శిక్షణ ఇస్తే ఈ లోపం బయటపడదు. స్థిరాంకాలు దానిని కప్పివేస్తాయి. వడగాడ్పులు వీచే రోజున, అంటే రైతుకు సలహా అత్యవసరమైన రోజుననే, సూత్రం తప్పుతుంది. నిర్ణాయక గుణకం ఘనంగా ఉన్నదన్న ఒక్క కారణంతో అటువంటి సూత్రాన్ని విస్తరణ సిబ్బంది చేతికి అందించడం తొందరపాటే అవుతుంది.

ముక్కలను సమూహంగా భద్రపరచే ఉపాయాలు లేకపోలేదు. కోజా 1994లో వివరించిన, ప్రోగ్రామే తనలో నిర్వచించుకునే ఉపప్రమేయాలు అటువంటివే. కాని తప్పు జంటను తొలి తరాలలోనే బంధిస్తే తరువాత విడదీయడం కష్టం. ఆ భారాన్ని పూర్తిగా యంత్రానికే వదలక, భౌతిక సంబంధం ముందే తెలిసిన రాశులను ఒకే ముక్కగా అందించడం మేలు. సిద్ధాంత వ్యాసం సమర్పించే విద్యార్థి అత్యధిక గాలి వీచిన రోజులను శిక్షణ నుంచి మినహాయించి, ఆ రోజుల ఫలితాలను వేరుగా చూపాలని పరీక్షకులు కోరవలసి ఉన్నది.