దూబగుంట నేర్పిన పాఠం మనకు గుర్తుందా?

మన రాష్ట్రంలో మద్యం వార్త లేకుండా పేపరు రావడం అరుదైపోయింది. 2024 అక్టోబరులో కొత్త మద్యం విధానం వచ్చింది. 3,396 దుకాణాలకు లాటరీ తీస్తామంటే దాదాపు 90 వేల దరఖాస్తులు పడ్డాయి. ఒక్కో దరఖాస్తుకు 2 లక్షల రూపాయల రుసుం. లాటరీ తగలకపోయినా ఆ డబ్బు తిరిగి రాదు. ఒక్క సీసా అమ్మకముందే ఖజానాకు సుమారు 1,800 కోట్లు చేరాయి. 99 రూపాయలకే క్వార్టర్ సీసా అందించడం ఒక ఘనతగా చెప్పుకున్నారు. ఏడాది తిరగకముందే 2025 అక్టోబరులో ములకలచెరువులో నకిలీ మద్యం తయారీ బయటపడింది. మరోవైపు 2019–24 మధ్య సాగిన మద్యం అమ్మకాలపై ప్రత్యేక దర్యాప్తు బృందం పెట్టిన కేసు కోర్టుల్లో నడుస్తోంది.

టీవీ చర్చల్లో ప్రశ్నలన్నీ ఒక్కలాగే ఉన్నాయి. ఎవరు ఎంత తిన్నారు? ఏ బ్రాండు మంచిది? ధర ఎందుకు పెరిగింది? సాయంత్రం కూలి డబ్బుల కోసం ఎదురుచూస్తూ ఇంట్లో కూర్చున్న ఆడమనిషి ఈ చర్చలో ఎక్కడా కనిపించదు. ఒకప్పుడు ఆ ఆడమనిషే ఈ చర్చను మొదలుపెట్టింది. అది కూడా మన మెట్ట ప్రాంతంలోనే, వింజమూరుకు పొరుగున ఉన్న కలిగిరి మండలంలో. ఆ సంగతి మన యువతీ యువకుల్లో చాలామందికి తెలియదు. అందుకే ఈ వారం దాన్ని జ్ఞాపకం చేయాలని మేము తలంచాము.

1990లో కేరళలోని ఎర్నాకుళం దేశంలో మొట్టమొదటి సంపూర్ణ అక్షరాస్యత జిల్లా అయింది. ఆ ఒరవడిలోనే 1991లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం మొదలైంది. జిల్లా యంత్రాంగం, జన విజ్ఞాన వేదిక వంటి సంస్థల కార్యకర్తలు కలిసి ఊరూరా రాత్రి బడులు పెట్టారు. పగలంతా పొలంలో కూలి చేసి, వంట ముగించుకుని, లాంతరు వెలుగులో పలక పట్టుకున్నవారిలో ఎక్కువమంది స్త్రీలే. వారి వాచకంలో పాఠాలు వారి బ్రతుకుల గురించే ఉండేవి: కూలి రేటు, తాగునీరు, పిల్లల జబ్బులు. అందులో ఒకటి ‘సీతమ్మ కథ’. సారా ఒక పేదింటిని ఏం చేస్తుందో చెప్పే కథ అది.

దూబగుంట స్త్రీలకు ఆ పాఠం కేవలం పాఠంగా మిగలలేదు. సీతమ్మ కథ తమ కథే అనిపించింది. ఒకరు చెప్పుకున్న బాధ పక్కనున్న నలుగురిదీ అని ఆ బడిలోనే తేలింది. అప్పటిదాకా ప్రతి స్త్రీ తన మొగుడి తాగుడు తన తలరాత అనుకుంది. పదిమంది కలిసి చదివాక అది తలరాత కాదు, ఊరి చివర నడుస్తున్న ఒక వ్యాపారం అని అర్థమైంది. వర్ధినేని రోశమ్మ వంటి పల్లెటూరి స్త్రీలు ముందు నిలిచారు. సారా దుకాణం మూయించారు. ఊళ్లోకి వచ్చే సారాను అడ్డుకున్నారు. దూబగుంట రోశమ్మగా రాష్ట్రమంతా ఎరిగిన ఆ తల్లి 2016లో కన్నుమూశారు. ఆమె ఏ పార్టీ నాయకురాలూ కాదు, పెద్ద చదువులు చదివిన మనిషీ కాదు.

ఈ చరిత్రలో అందరినీ ఆశ్చర్యపరిచే విషయం మరొకటి ఉంది. ఆ వాచకాన్ని ఊరికి పంపింది ప్రభుత్వమే. సారాను ఊరికి పంపిందీ ప్రభుత్వమే. 1983 తరువాత ‘వారుణి వాహిని’ పేరుతో సారా ప్యాకెట్లు మారుమూల పల్లెలకూ చేరాయి. 1970–71లో రాష్ట్రానికి 39 కోట్ల రూపాయలుగా ఉన్న ఆబ్కారీ ఆదాయం 1991–92 నాటికి 812 కోట్లకు పెరిగింది. ఒక చేత్తో పలక, ఒక చేత్తో ప్యాకెట్ ఇచ్చిన ప్రభుత్వం ఆ రెండూ ఒకే ఇంట్లో ఎదురుపడతాయని ఊహించలేదు. ఎదురుపడినప్పుడు పలక గెలిచింది.

1992లో ఆ నిప్పు జిల్లా అంతటా పాకింది. చీపుర్లు, కారం పొడి చేతబట్టి స్త్రీలు సారా బండ్లను వెనక్కి పంపారు. సారా దుకాణాల వేలంపాట జరగనివ్వకుండా నెల్లూరు పట్టణానికి తరలివచ్చారు. వేలంపాటలు పలుమార్లు వాయిదా పడ్డాయి. అప్పటి ముఖ్యమంత్రి నేదురుమల్లి జనార్దనరెడ్డి మన జిల్లావారే. అయినా స్త్రీలు వెనక్కి తగ్గలేదు. 1993 ఏప్రిల్‌లో నెల్లూరు జిల్లాలోనూ, అదే ఏడాది అక్టోబరు 1 నుండి రాష్ట్రమంతటా సారా నిషేధమైంది. 1994 డిసెంబరులో ఎన్.టి. రామారావు మళ్లీ ముఖ్యమంత్రి అయ్యారు. సంపూర్ణ మద్యనిషేధం ఆయన ఎన్నికల వాగ్దానం. 1995 జనవరి 16 నుండి అది అమలులోకి వచ్చింది. 1997లో చంద్రబాబు నాయుడు ప్రభుత్వం దాన్ని సడలించింది. నిషేధం నిలిచింది రెండేళ్లకు కాస్త పైన మాత్రమే.

ఇక్కడితో కథ ముగించి, చూశారా, నిషేధం పనిచేయదు అనేవారు ఉన్నారు. వారి మాటలో కొంత నిజముంది. ఆ రోజుల్లో నాటుసారా బట్టీలు వెలిశాయి, పొరుగు రాష్ట్రాల నుండి సీసాలు దొంగచాటుగా వచ్చాయి, ఖజానా ఖాళీ అయింది. మేము దాన్ని కాదనము. కానీ ఒక ఉద్యమాన్ని చట్టం వయస్సుతో మాత్రమే కొలవడం సరికాదు.

ఇలాంటి చరిత్రే అమెరికాలోనూ ఉంది. 1873 డిసెంబరులో ఒహాయో రాష్ట్రంలోని హిల్స్‌బరో అనే చిన్న పట్టణంలో ఎలైజా థాంప్సన్ అనే స్త్రీ ముందు నడవగా కొందరు విశ్వాసులైన స్త్రీలు చర్చి నుండి బయలుదేరి, సారా కొట్ల ముందు మోకరించి, కీర్తనలు పాడి ప్రార్థించారు. మరుసటి ఏడాదే స్త్రీల క్రైస్తవ మద్యపాన వ్యతిరేక సంఘం దేశమంతటికీ ఏర్పడింది. దాదాపు అర్ధశతాబ్దం తరువాత, 1920లో అమెరికా మద్యాన్ని నిషేధించింది. 1933లో ఎత్తేసింది. చట్టం పోయింది. కానీ ఇంటి గడప దాటి బహిరంగంగా మాట్లాడడం నేర్చుకున్న ఆ స్త్రీలు మళ్లీ మౌనంలోకి వెళ్లలేదు. ఓటు హక్కు కోసం పోరాడినవారిలో వారూ ఉన్నారు. 1920లోనే దాన్ని సాధించారు.

మన నెల్లూరులోనూ అదే జరిగింది. సారా పోయిన ఇళ్లలో మిగిలిన డబ్బుతో 1993లో ‘పొదుపులక్ష్మి’ మొదలైంది. రోజుకో రూపాయి చొప్పున దాచుకోవడం, గుంపుగా కూర్చుని లెక్క చూసుకోవడం, అవసరమైనవారికి అప్పు ఇవ్వడం. ఈ రోజు మన ప్రతి పల్లెలోనూ, మన సంఘాల్లో దాదాపు ప్రతి ఇంట్లోనూ కనిపించే డ్వాక్రా సంఘాలకు మన రాష్ట్రంలో అంత బలం రావడానికి నెల్లూరు అనుభవం ఒక ముఖ్య కారణం. నిషేధం రెండేళ్లు నిలిచింది. స్త్రీలు కలిసి కూర్చునే అలవాటు ముప్పై ఏళ్లు దాటినా నిలిచే ఉంది.

మరి ఇది నేడు మనతో ఏం చెబుతోంది?

చట్టం ఎప్పుడూ చివరనే వస్తుందని చెబుతోంది. ఎన్నికలు వచ్చిన ప్రతిసారీ మనం మేనిఫెస్టోల వైపు చూస్తాము. 2019లో దశలవారీ మద్యనిషేధం అన్నారు. ప్రభుత్వమే దుకాణాలు నడిపింది, నిషేధం రాలేదు. 2024లో నాణ్యమైన మద్యం, తక్కువ ధర అన్నారు. దుకాణాలు మళ్లీ ప్రైవేటు వారి చేతికి వెళ్లాయి. రంగు ఏదైనా, మద్యం ఆదాయం లేకుండా బడ్జెట్ వేయడానికి ఏ ప్రభుత్వమూ సిద్ధంగా లేదు. రాజ్యాంగం 47వ అధికరణంలో మద్యనిషేధం దిశగా రాజ్యం ప్రయత్నించాలని ఉన్నా సరే. తన పొరుగువానికి తాగించేవానికి శ్రమ అని హబక్కూకు ప్రవక్త హెచ్చరించాడు. సామెతల గ్రంథం చివరి అధ్యాయంలో రాజైన లెమూయేలుకు అతని తల్లి బుద్ధి చెప్పింది. రాజు తాగితే దీనుల న్యాయం మరచిపోతాడని ఆమె భయం. ఇక రాజ్యమే తాగుడు మీద బ్రతికితే దీనుల న్యాయం ఎవరికి గుర్తుంటుంది?

అయితే వేలెత్తి చూపేముందు సంఘంగా మనల్ని మనం పరిశీలించుకోవాలి. 90 వేల దరఖాస్తుల్లో మన విశ్వాసులవి ఒక్కటీ లేవని చెప్పగలమా? చట్టానికి విరుద్ధంగా నడిచే బెల్టు షాపు మన సంఘ సభ్యుని అరుగు మీద ఉంటే, ఆ ఇంటి నుండి వచ్చే కానుకను మనం ఏమని స్వీకరిస్తున్నాము? ఎన్నికల ముందు రాత్రి పంచే సీసా మన పేటలోకి వచ్చినప్పుడు ఏ సంఘపెద్ద అడ్డుపడ్డాడు? ఈ ప్రశ్నలు కష్టమైనవి. కొందరికి కోపం తెప్పిస్తాయి. కానీ దూబగుంట స్త్రీలు సొంత భర్తల మీదనే, సొంత ఊరి కంట్రాక్టర్ల మీదనే లేచారు. వారికి పోగొట్టుకోవడానికి మనకంటే ఎక్కువే ఉంది.

ఇంకొక మాట. తాగుబోతు భార్య మన ప్రార్థన కూడికలో వెనుక వరుసలో కూర్చుంటుంది. దెబ్బ తగిలిన చెంపను కొంగుతో కప్పుకుంటుంది. అందరికీ తెలుసు, ఎవరూ అడగరు. “ప్రార్థన చెయ్యమ్మా” అని పంపేస్తాము. ప్రార్థన చేయాలి, తప్పకుండా. కానీ ఆ బాధ తన ఒక్కదానిది కాదని ఆమెకు తెలియాలి. రాత్రి బడి చేసినది ఆ పనే. మన స్త్రీల సమాజం కూడికలు వాక్యం వల్లించడంతో ఆగిపోకుండా, నెలకొక్కసారైనా తల్లులు తమ ఇంటి సంగతి భయం లేకుండా చెప్పుకునే చోటుగా మారితే ఎంత మేలు!

తాగేవారి పట్ల కూడా మనకు కనికరం ఉండాలి. ఉద్యమ కాలంలో కొన్ని ఊళ్లలో తాగినవారికి గుండు గీయించారు. ఆ తల్లుల కడుపుమంట మనకు అర్థమవుతుంది. కాని అవమానం ఎవరినీ బాగుచేయదు. తాగుడు ఒక పాపం మాత్రమే కాదు, ముదిరితే అది జబ్బు కూడా. ఏళ్ల తరబడి ఎక్కువగా తాగినవారు ఉన్నపళంగా మానేస్తే వణుకు, మూర్ఛ, మతిభ్రమ రావచ్చు, ప్రాణానికే ముప్పు. కాబట్టి కాపరులారా, “ఈ రాత్రే మానెయ్” అని చేతులుంచి ప్రార్థించి పంపేయకండి. ప్రార్థించి, వెంటబెట్టుకుని డాక్టరు దగ్గరికి తీసుకువెళ్లండి. వ్యసన విముక్తి కోసం కేంద్ర ప్రభుత్వం నడిపే ఉచిత ఫోన్ నంబరు 14446. దాన్ని చర్చి గోడ మీద రాయించండి.

వింజమూరు, ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంత సంఘాలకు మా మనవి ఒకటుంది. 1992లో ముప్పై ఏళ్ల వయసున్న తల్లులు నేడు అరవై దాటినవారు. వారు మన మధ్యనే చాప మీద కూర్చుని ఆరాధిస్తున్నారు. ఒక ఆదివారం సాయంత్రం యౌవనస్థుల కూడికలో వారిని నిలబెట్టి, ఆ రోజుల్లో ఏం జరిగిందో చెప్పమనండి. వారు పోయాక ఆ సాక్ష్యం చెప్పేవారు ఉండరు.

పెద్దలు కుదిర్చిన లాటరీలు, కోర్టు కేసులు, బ్రాండ్ల పేర్లు మన చేతిలో లేవు. కలిసి కూర్చోవడం, కలిసి చదవడం, కలిసి అడగడం మన చేతిలోనే ఉన్నాయి. మన మెట్ట తల్లులు వాటితోనే మొదలుపెట్టారు. అదే ధైర్యాన్ని ప్రభువు మన సంఘాలకు అనుగ్రహించును గాక.