మైనస్ రెండు కోట్ల ఫ్లాటు

"కొంటే బిల్డరే మనకి రెండు కోట్లు ఎదురిస్తాడట, బుక్ చేసేద్దామా?" మా టెస్టర్ పంపిన మెసేజ్ ఇది. కింద స్క్రీన్‌షాట్. 2 కోట్ల 20 లక్షల ఫ్లాటు ధర యాప్‌లో మైనస్ 2,09,49,672 రూపాయల 96 పైసలని చూపిస్తోంది. బాగా నవ్వుకున్నా. తర్వాత ఆ కోడ్ ఎవరు రాశారో చూశా. నేనే. రిలీజేమో మర్నాడు పొద్దున్నే.

లెక్క తేడా రాకూడదని ధరలన్నీ పైసల్లో దాచాను. అక్కడిదాకా తెలివే. దాచిన డబ్బా మాత్రం 32 బిట్లది. ప్లస్సో మైనస్సో చెప్పడానికి ఒక బిట్ పోతే మిగిలేవి 31. అన్నిట్లోనూ ఒకట్లు నింపితే వచ్చేది 214,74,83,647. అన్ని పైసలంటే 2 కోట్ల 14 లక్షల పైచిలుకు రూపాయలు. దానికి ఒక్క పైసా కలిపినా లెక్క మైనస్‌లోకి దొర్లిపోతుంది. మా టెస్ట్ డేటాలో అప్పటిదాకా కోటిన్నర దాటిన ఫ్లాటే లేదు. అందుకే దొరకలేదు.

టైప్ 64 బిట్లకి మార్చి, టెస్టులు మళ్లీ నడుస్తుంటే ఆ సంఖ్య గురించి చదువుతూ కూర్చున్నా. ఇంజినీరింగ్‌లో దీన్ని 'ఇంట్ మ్యాక్స్' అని బట్టీ కొట్టడమే గానీ, ఇది ప్రైమ్ అని నాకు తెలీదు. అంటే ఒకటితో, తనతో తప్ప దేంతోనూ నిశ్శేషంగా భాగించలేం. 2ని 31 సార్లు వేసి గుణించి ఒకటి తీసేస్తే వచ్చేది కాబట్టి మెర్సెన్ ప్రైమ్ కూడా. ఆ జాబితాలో ఎనిమిదోది.

1644లో మెర్సెన్ అనే ఫ్రెంచి సన్యాసి రుజువు లేకుండానే దీన్ని ప్రైమ్ అన్నాడు. (ఆయన చెప్పినవాటిలో కొన్ని తప్పాయి కూడా.) 1772లో రుజువు చేసినవాడు ఆయిలర్. అప్పటికి ఆయనకి చూపు దాదాపు పోయింది. మామూలుగా అయితే 46,340 లోపున్న ప్రైమ్‌లన్నిటితో, అంటే సుమారు 4,800 సార్లు, భాగించి చూడాలి. ఆయిలర్ ముందు ఆలోచించాడు: దీన్ని భాగించే ప్రైమ్ అంటూ ఉంటే, దాన్ని 248తో భాగించినప్పుడు శేషం 1 గానీ 63 గానీ రావాలి. దాంతో పని 372 భాగహారాల్లోపే తేలిపోతుంది. లూప్ రాసేముందు ఇలా ఆలోచించేవాళ్లు మా టీమ్‌లో ఎంతమందో లెక్కపెట్టను, నాతో కలిపి.

బిట్లు ఎన్నున్నా చివరి సంఖ్య ప్రైమే అవుతుందనుకోకండి. 8 బిట్ల డబ్బాలో 127, అది ప్రైమే. 16 బిట్లలో 32,767ని 7 భాగిస్తుంది. నేను కొత్తగా వాడిన 64 బిట్ల హద్దునీ 7 భాగిస్తుంది.

మన హద్దు ఇంకోచోటా ఉంది. చాలా సిస్టమ్‌లు 1970 జనవరి 1 నుంచి గడిచిన సెకన్లనే టైమ్‌గా దాస్తాయి. పాత 32 బిట్ల సిస్టమ్‌లలో అది 2038 జనవరి 19, మంగళవారం ఉదయం, మన టైమ్ ప్రకారం 8:44:07కి నిండుతుంది. మర్చకపోతే తర్వాతి సెకను 1901 డిసెంబరు.

మా ఫ్లాటు రాత్రి ఒంటిగంటకి ప్లస్‌లోకొచ్చింది. అనుమానమొచ్చి మిగతా ఫైళ్లు వెతికితే మరో రెండు చోట్ల అదే ఇంట్. ఒకటి నాది కాదు. అయినా అదీ నేనే మార్చి పడుకున్నా.