రాష్ట్రపతియు ప్రజాదృష్టియు

రాజ్యాంగము రాష్ట్రపతికి ఇచ్చిన స్థానము ఒకటి. ప్రజలు తమ మనస్సులలో ఆయనకు కల్పించుకొనిన స్థానము మరియొకటి. కచేరీల చుట్టు తిరిగి విసిగిన రైతు తుదకు రాష్ట్రపతికి అర్జీ వ్రాయును. వ్యంగ్యచిత్రకారుడు అదే రాష్ట్రపతిని వచ్చిన కాగితముపై నెల్ల చేవ్రాలు చేయు బొమ్మగా చిత్రించును. ఒకరికి ఆయన సర్వశక్తుడు, వేరొకరికి నిశ్శక్తుడు. ఈ రెండు తలంపులలో సత్యమెంతయో విచారించుట పౌరులకు అవసరమని మేము తలంచుచున్నాము.

ఇందుకు నీలం సంజీవరెడ్డిగారి చరిత్రమును మించిన నిదర్శనము తెలుగువారికి లేదు. మొయినాబాదు, చేవెళ్ల ప్రాంతములవారు ఆయనను రాష్ట్రపతిగా ఎరుగుటకు పూర్వమే పెద్దమనుషుల ఒప్పందమున ఎరిగిరి. 1956లో ఆ ఒప్పందముపై తెలంగాణము పక్షమున చేవ్రాలు చేసిన నలుగురిలో మొయినాబాదు చెంతనున్న పెద్దమంగళారమున జన్మించిన కొండా వెంకట రంగారెడ్డిగారు ఒకరు. ఆంధ్ర పక్షమువారిలో సంజీవరెడ్డిగారు ఒకరు. ముఖ్యమంత్రి ఒక ప్రాంతమువాడైనచో ఉపముఖ్యమంత్రి రెండవ ప్రాంతమువాడు కావలెనని అందొక నియమము. నవంబరు 1న సంజీవరెడ్డిగారు ముఖ్యమంత్రియై ఉపముఖ్యమంత్రిని నియమింపలేదు. ఆ పదవి ఆరవ వేలు వంటిదని ఆయన పరిహసించిరను మాట ఊరూర పాకెను. 1959లో రంగారెడ్డిగారికే ఆ పదవి లభించినను ఆ మాట చెరిగిపోలేదు. 1978లో రంగారెడ్డిగారి పేర జిల్లా ఏర్పడునాటికి సంజీవరెడ్డిగారు రాష్ట్రపతి పీఠముననుండిరి. పదవి ఎంత గొప్పదైనను మనిషి వెనుకటి నడతను జనులు మరువరనుటకు ఇంతకంటె సాక్ష్యమేల?

1969లో ఆయన కాంగ్రెసు అభ్యర్థిగా రాష్ట్రపతి పదవికి నిలిచిరి. ఎదుట నిలిచిన వరాహగిరి వెంకటగిరిగారును తెలుగువారే. అంతరాత్మ ప్రబోధము ననుసరించి ఓటు వేయుడని ఇందిరాగాంధీగారు పిలుపునిచ్చిరి. గిరిగారికి 4,20,077, సంజీవరెడ్డిగారికి 4,05,427 ఓట్ల విలువ లెక్కకు వచ్చెను. ఆ పోటీలో సంజీవరెడ్డిగారిని దూషించు అనామక కరపత్ర మొకటి పార్లమెంటు సభ్యులలో సంచరించెను. ఆ వ్యవహారము సుప్రీంకోర్టునకెక్కగా, గిరిగారు రాష్ట్రపతిగానుండియు స్వయముగా వచ్చి సాక్ష్యమిచ్చిరి. 1970లో వ్యాజ్యము కొట్టివేయబడెను. పేరు చెప్పుకొనలేని కాగితము ఒక పెద్దమనిషి పరువును సంతలో పెట్టగలదని దేశమంతయు అప్పుడు చూచినది.

వ్యంగ్యచిత్రము కథ వేరు. దానికింద గీసినవాని పేరుండును. 1975 జూన్ 25 రాత్రి అత్యవసర పరిస్థితి ప్రకటనపై ఫక్రుద్దీన్ అలీ అహ్మదుగారు చేవ్రాలు చేసిరి. ఆ డిసెంబరులో ఇండియన్ ఎక్స్‌ప్రెస్ పత్రికయందు అబూ అబ్రహాము గీసిన చిత్రములో రాష్ట్రపతి స్నానపు తొట్టిలోనుండియే ఆర్డినెన్సుపై చేవ్రాలు చేసి కాగితమును బయటికి అందించుచుండెను. వంద సంపాదకీయములు చెప్పలేనిది ఆ ఒక్క చిత్రము చెప్పెను. నాటినుండి ఆ పీఠమెక్కిన ప్రతివానిని జనులు ఆ తొట్టితో పోల్చి చూచుచునే యున్నారు.

అయినను ఆ పోలిక అన్నివేళల న్యాయముకాదు. మంత్రిమండలి సలహాను రాష్ట్రపతి పాటింపవలెనని 1976 నాటి 42వ సవరణ స్పష్టపరచినది. ఒకమారు పునరాలోచనకు త్రిప్పిపంపవచ్చునని 1978 నాటి 44వ సవరణ చేర్చినది. సలహా ఇచ్చువారెవరో తేలని దినములలోనే ఆయన స్వబుద్ధికి పని కలుగును. 1979 జూలైలో మొరార్జీదేశాయిగారు రాజీనామా చేసినప్పుడు అట్టి దినములే వచ్చెను. 1977లో పోటీలేకుండ ఎన్నికైన సంజీవరెడ్డిగారు చరణ్‌సింగుగారిని ప్రధానిగా నియమించిరి. లోకసభ ఎదుటికి రాకుండగనే ఆయన ఆగస్టు 20న రాజీనామా చేసిరి. జగజ్జీవన్‌రాముగారికి అవకాశమీయక రాష్ట్రపతి 22న సభను రద్దుచేసిరి. పత్రికలు తీవ్రముగ విమర్శించెను. ఆ విమర్శ తగినదే, ఏలయన ఆ నిర్ణయమునకు సమాధానము చెప్పవలసినవారు ఆయనయే.

ఇక అర్జీల మాట. రాష్ట్రపతి భవనమునకు చేరిన అర్జీలు సంబంధించిన శాఖలకును రాష్ట్రములకును పంపబడును. జంట జలాశయముల రక్షణకై 1996లో వెలువడిన 111వ ఉత్తరువు 84 గ్రామములకు వర్తించెను. మొయినాబాదు పల్లెలు పెక్కు అందున్నవి. అది రాష్ట్ర ప్రభుత్వపు ఉత్తరువు. దానివలన భూమి ధర పడిపోయినదని ఒక రైతు రాష్ట్రపతికి మొరపెట్టుకొనినచో, ఆ మొర తిరిగి హైదరాబాదుకే రావలసియుండును. ఓటు అడుగవచ్చిన శాసనసభ్యుని నిలదీయవలసిన ప్రశ్నను ఢిల్లీకి టపాలో పంపుటవలన శాసనసభ్యునికే మేలు.

కావున మా మనవి యిది. రాష్ట్రపతికి చేతికందిన అధికారమున్నచోట కలము, కుంచె రెండును నిర్దాక్షిణ్యముగ పనిచేయవలెను. కాగితమును త్రిప్పిపంపగలిగియు పంపనిచోట ఎగతాళి చేయుట పత్రికల ధర్మము. అధికారమే లేనిచోట ఆయనను దేవునిగా మ్రొక్కుటయు, బొమ్మగా నవ్వుటయు రెండును అసలు బాధ్యులను మరుగుపరచును. ఎవరి చేతిలో ఏమున్నదో ఎరిగిన ప్రజలను ఏ ప్రభుత్వమును చిరకాలము మోసగింపజాలదు.