‘నెక్స్ట్’ నొక్కిన పాపం

వ్యాపార విశ్లేషణ సాఫ్టువేరును సర్వరు మీదికి ఎక్కించే పని మన వృత్తిలో సాధారణంగా కొత్తగా చేరిన కుర్రవాడికే దక్కుతుంది. నివేదికలు రూపొందించడం, లెక్కల నమూనాలు కట్టడం పెద్దల పని. ఇన్‌స్టాలు చేయడం మాత్రం ‘నెక్స్ట్, నెక్స్ట్, ఫినిష్’. ఈ చిన్నచూపు తప్పని, ఆ పదీపదిహేను తెరలలో కనీసం ఒక్క తెర మీద తీసుకునే నిర్ణయం ఆ తరువాత పదేళ్ళపాటు వెలువడే నివేదికలన్నిటినీ శాసిస్తుందని నా వాదన. ఇది నేను పుస్తకాలు చదివి నేర్చినది కాదు. చేసిన తప్పు నేర్పినది.

కొన్నేళ్ళ క్రితం ఒక పాల ఉత్పత్తిదారుల సంఘానికి నివేదికల సర్వరు నెలకొల్పే బాధ్యత నా మీద పడింది. ఇన్‌స్టాలు చేస్తుండగా ‘కొలేషన్’ అనే తెర వచ్చింది. అక్షరాలను ఏ వరుసలో పేర్చాలో, ఏ సంకేతపట్టికలో దాచాలో నిర్ణయించే అమరిక అది. యంత్రం ముందే ఒక పేరు నింపి పెట్టింది. అందులో ‘లాటిన్’ అన్న మాట కనబడుతూనే ఉన్నది. చదివాను, నెక్స్ట్ నొక్కాను. తరువాత పట్టికలు కట్టినదీ నేనే. సభ్యుల పేర్లకూ ఊళ్ళ పేర్లకూ సాదా ‘వార్‌చార్’ రకం చాలుననుకున్నాను.

మూడు నెలల తరువాత మొదటి నివేదిక అచ్చయింది. అందరికంటె ఎక్కువ పాలు పోసిన సభ్యుల జాబితాలో మొదటి పేరు నాలుగు ప్రశ్నార్థకాలు. రెండవ పేరు మూడు ప్రశ్నార్థకాలు. సంఘంలో చాలాకాలంగా లెక్కలు రాస్తున్న పెద్దాయన ఆ కాగితం నా ముందు పెట్టి, “ఈ నాలుగు కొక్కేలెవరు బాబూ? ఇన్ని పాలు పోసే మనిషి మా చుట్టుపక్కల ఊళ్ళలో లేడే!” అన్నారు.

జరిగినది ఇది. లాటిన్ సంకేతపట్టికలో తెలుగుకు చోటు లేదు. చోటు లేని ప్రతి సంకేతానికీ బదులు యంత్రం ఒక ప్రశ్నార్థకం రాసి ఊరుకుంటుంది. పొరపాటు జరిగిందని ఎక్కడా చెప్పదు. సీత అంటే స, గుడిదీర్ఘం, త: మూడు సంకేతాలు. గీతకూ మూడే, రవికీ మూడే. ముగ్గురూ ‘???’ అయ్యారు. రాము, రాజు, వాణి ముగ్గురూ ‘????’ అయ్యారు. సభ్యత్వ సంఖ్యను కాక పేరునూ ఊరునూ ఆనవాలుగా పెట్టుకుని కూడికలు వేయించిన నా రెండవ తప్పు దీనికి తోడైంది. ముగ్గురి పాలు ఒక్క డబ్బాలో పడ్డాయి. పాత కంప్యూటరు నుంచి తెచ్చిన పేర్లను మళ్ళీ తెచ్చుకోగలిగాము కాని, ఆ మూడు నెలల్లో నేరుగా కొత్త సర్వరులో చేర్చిన పేర్లు పోయినట్లే. ప్రశ్నార్థకంలోంచి పేరును వెనక్కు రప్పించే మంత్రం ఏ సాఫ్టువేరులోనూ లేదు. పెద్దాయన చేతిరాత పుస్తకాలు ముందేసుకుని ఒక్కొక్క పేరూ తిరిగి ఎక్కించాము. అంతదాకా సభ్యులకు బోనసు పంపకం ఆగింది.

దీనికి యంత్రాన్ని తిట్టి లాభం లేదు. డిఫాల్టు అంటే సత్యం కాదు, ఎవరో ఒకరి సొంత ఊరు. మైసీక్వెల్ డేటాబేసు 2018లో 8.0 వెలువడేదాకా, ఎవరూ ఏమీ చెప్పకపోతే, అక్షరాలను స్వీడిష్ భాష వరుసలో పేర్చేది. కారణం, దాన్ని తయారుచేసిన సంస్థ స్వీడన్‌లో పుట్టడమే. వాళ్ళు వాళ్ళ ఇంటి భాషను గుర్తుంచుకున్నారు. మన ఇంటి భాషను మనం గుర్తుంచుకోకపోవడం వాళ్ళ నేరం కాదు. బ్యాంకుల్లో డిఫాల్టరంటే అప్పు ఎగ్గొట్టినవాడు. మన వృత్తిలోనూ ఆ మాటకు అదే అర్థం చెప్పుకోవాలి.

నాకు ఎదురుగా మూడు వాదాలు వినబడుతుంటాయి.

మొదటిది: “ఇప్పటి కొత్త వెర్షన్లలో ఈ బాధ లేదు.” సగం నిజం. ఒరాకిల్ 12.2 నుంచి డిఫాల్టు యూనికోడే. కాని ఎస్‌క్యూఎల్ సర్వరును అమెరికా ఆంగ్లం అమరిక ఉన్న విండోసు మీద ఎక్కిస్తే నేటికీ అది చూపించేది లాటిన్ కొలేషనే. తెలుగుకు విండోసులో పాతకాలపు సంకేతపట్టిక అనేదే లేదు కనుక, 2019 వెర్షనులో యూటీఎఫ్-8 కొలేషన్లు వచ్చేదాకా వార్‌చార్ కాలములో తెలుగు దాచే దారే లేదు. ‘ఎన్‌వార్‌చార్’ ఒక్కటే శరణ్యం. ఇక ఒరాకిల్‌లో యూనికోడు ఉన్నా, కాలము పొడవును డిఫాల్టుగా కొలిచేది బైట్లతో. శ్రీనివాసరావు అన్న పేరు మన కంటికి ఆరు అక్షరాలు. యూనికోడుకు పదమూడు సంకేతాలు, యూటీఎఫ్-8లో 39 బైట్లు. ‘పేరుకు ముప్ఫై చాలదా’ అని 30 బైట్లు ఇచ్చినచోట శ్రీనివాసరావుకు ప్రవేశం లేదు.

రెండవది: “వ్యాపారమంతా ఇంగ్లీషులోనే కదా, తెలుగు ఎందుకు?” ఎవరి వ్యాపారం? పాలు పోసే రైతు తన పేరును, ఫిర్యాదు చేసే కొనుగోలుదారు తన గోడును, అంగడివాడు తన వీధి పేరును తెలుగులో రాస్తాడు. విశ్లేషణ అన్నది వాళ్ళ గురించే అయినప్పుడు, వాళ్ళు రాసుకున్న మాటకు చోటివ్వని సర్వరు ఎవరిని విశ్లేషిస్తున్నట్లు?

మూడవది, అన్నిటికంటె తెలివైనది: “పేర్లను ఇంగ్లీషు లిపిలో రాయిస్తే సరి.” అలా రాయించిన చోట్లను కూడా చూశాను. ఒక్క శ్రీనివాసరావే ఒక గుమాస్తా చేతిలో ఒక స్పెల్లింగు, మరొకరి చేతిలో మరొకటి, బిల్లు మీద మూడవది అవుతాడు. ప్రశ్నార్థకం ముగ్గురిని ఒక్కరిని చేస్తే, పరాయి లిపి ఒక్కరిని ముగ్గురిని చేస్తుంది. రెండూ లెక్క తప్పడమే. మొదటి తప్పు కంటికి కనబడుతుంది, రెండవది కనబడదు. అందుకే అది మరింత ప్రమాదం.

ఇది భాషాభిమానం మాత్రమేనని తోసివేసేవారికి మరొక ఉదాహరణ. మన లెక్కల సంవత్సరం ఏప్రిల్ 1న మొదలై మార్చి 31న ముగుస్తుంది. పవర్ బీఐలో ‘ఈ సంవత్సరం ఇంతవరకు’ మొత్తం చూపే సూత్రానికి సంవత్సరాంతం ఏదో మనం చెప్పకపోతే డిసెంబరు 31 అనుకుంటుంది. చెప్పనివాడి నివేదికలో, ఏప్రిల్ నెల కూడికలో గడిచిన ఏటి మూడు నెలలు కలిసిపోతాయి. ఇక్కడ లిపి లేదు, అభిమానం లేదు. ఉన్నది అదే జబ్బు: మన సంగతి మనం చెప్పకపోవడం.

కనుక నేను కోరేది పెద్ద సంస్కరణ కాదు. ఇన్‌స్టాలు చేసేముందు ఒక కాగితం మీద నాలుగు సంగతులు రాసి, పని చేయించుకునేవారి చేత సంతకం పెట్టించండి: ఏ భాషల్లో సమాచారం వస్తుంది, ఏ కొలేషన్, కాలముల పొడవు బైట్లలోనా సంకేతాలలోనా, సంవత్సరం ఎప్పుడు మొదలవుతుంది. ఎస్‌క్యూఎల్ సర్వరు సెటప్పు తాను తీసుకున్న అమరికలన్నీ ఒక కాన్ఫిగరేషను ఫైలులో రాసి పెడుతుంది. దాన్ని భద్రపరచండి. సర్వరు స్థాయి కొలేషన్‌ను తరువాత మార్చాలంటే మూల డేటాబేసులను తిరిగి నిర్మించుకోవాలని మరచిపోకండి. ఆ మొదటి తెర దగ్గర ఆగే అయిదు నిమిషాలు తరువాతి నెలల శ్రమను తప్పిస్తాయి. చివరగా, అసలు సమాచారం ఎక్కించకముందే సీత, గీత, శ్రీనివాసరావు అని మూడు పేర్లు రాసి, మూడూ చెక్కుచెదరకుండా తిరిగి వస్తున్నాయో లేదో చూడండి.

ఆ సంఘంలో ఇప్పుడు పేర్లన్నీ సరిగానే అచ్చవుతున్నాయి. అయినా ఆ పెద్దాయన ప్రతి నివేదికనూ చేతిపుస్తకంతో సరిచూసుకున్న తరువాతే సంతకం పెడుతున్నారని విన్నాను. ఆయన్ను తప్పుపట్టే అర్హత నాకు లేదు.