సముద్రం బొమ్మ అల్లేదెవరు?

సముద్రాన్ని పాడుచేయొద్దని చెప్పే బొమ్మల పోటీలు ఇప్పుడు స్కూళ్లలో, కాలేజీల్లో మామూలైపోయాయి. రంగులతో పాటు గుడ్డపేలికలు, సీసామూతలు, తెగిన వలముక్కలు అతికించి చేసే ఈ కళ మంచిదే. కాని ఆ బొమ్మ కోసమే కొత్తగా థర్మాకోలు, చెమ్కీలు, ప్లాస్టిక్ పూలు కొని తెస్తే ఏమనాలి? ప్రదర్శన అయ్యాక అవి చేరేది చెత్తకుప్పకే. మన గోదావరి జిల్లాల్లో కాలవగట్టున పడేసింది మురుగుకాలవలోకి, అక్కణ్ణుంచి సముద్రంలోకి పోవడానికి ఎంతసేపు? సముద్రం కోసం చేసిన బొమ్మ సముద్రానికే బరువైతే ఇంక ఆ ముచ్చటెందుకు?

ఈ విషయంలో నాకు బాగా నచ్చిన పని ఒకటుంది. ఆస్ట్రేలియాకు చెందిన మార్గరెట్, క్రిస్టీన్ వర్థీమ్ అనే కవల అక్కచెల్లెళ్లు 2005లో లాస్ ఏంజెలిస్‌లోని తమ ఇంట్లో క్రోషియా సూదితో పగడపు దిబ్బలు అల్లడం మొదలుపెట్టారు. వరసవరసకీ కుట్లు పెంచుకుంటూ పోతే అంచు కుచ్చిళ్లు పడి అచ్చం పగడంలాగే తయారవుతుందట. నూలు, ఉన్నితో పాటు ప్లాస్టిక్ సంచులూ, పాత వీడియో టేపులూ దారంగా వాడారు. దేశదేశాల్లో వేలమంది ఆడవాళ్లు వాళ్లతో చేయి కలిపారు. 2019లో వెనిస్‌లో జరిగే పెద్ద కళా ప్రదర్శనలో ఆ అల్లికలకు చోటు దొరికింది.

మరి అదే సూది, అదే అల్లిక మన నర్సాపురం, పాలకొల్లు చుట్టుపక్కల అరుగుల మీద లేవూ? 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీల ద్వారా వచ్చిన ఈ పని తల్లి నుంచి కూతురికి చేరుతూ వచ్చింది. మనవాళ్ల లేసు విదేశాల్లో బల్లల మీద పరుచుకుంటుంది. జర్మనీకి చెందిన మరియా మీస్ ఇక్కడికొచ్చి పరిశోధించి 1982లో ఒక పుస్తకం రాశారు. రోజుకి గంటల తరబడి అల్లుతున్నా వీళ్లను పనివాళ్లుగా లెక్కించరనీ, తీరిక వేళ ఏదో చేసుకునే గృహిణులంటారనీ, అందుకే కూలి అంత తక్కువనీ ఆమె ఎత్తి చూపారు. 2024లో నర్సాపురం లేసుకి భౌగోళిక గుర్తింపు వచ్చింది, సంతోషమే. కాని గుర్తింపు లేసుకి వచ్చింది. అల్లినామె పేరు మనలో ఎందరికి తెలుసు? అక్కడ మ్యూజియంలో పెడితే కళ, ఇక్కడ అరుగు మీద అల్లితే కాలక్షేపమా?

నేననేదేమిటంటే, మన సముద్రం బొమ్మను ఈ చేతులే అల్లాలి. డెల్టా బురదనీళ్లలో పగడపు దిబ్బలు లేవు, వాటిని మనం అరువు తెచ్చుకోనక్కర్లేదు. కోరింగ మడ అడవులున్నాయి. బురదలోంచి పైకి పొడుచుకొచ్చే ఊపిరి వేళ్లున్నాయి, వాటికి చుట్టుకున్న కవర్లూ ఉన్నాయి. గుడ్లు పెట్టడానికి చలికాలం చివర మన తీరానికొచ్చే సముద్రపు తాబేళ్లున్నాయి. అలలు ఇళ్లను కోసుకుపోతున్న ఉప్పాడ ఉంది. నర్సాపురం పక్కన పారే వశిష్ఠ అంతర్వేది దగ్గర సముద్రంలో కలుస్తుంది. ఆ ఒడ్డున ఉండే మత్స్యకార స్త్రీలు తెగిన నైలాను వలలు తెస్తే, లేసు అల్లే ఆడవాళ్లు వాటిని నూలుతో కలిపి అల్లవచ్చు. వలలో ఏ చేపలు తగ్గాయో, ఏ చెత్త పెరిగిందో చెప్పేవాళ్లు ఒకరు, దానికి రూపమిచ్చేవాళ్లు ఒకరు.

అయితే కొన్ని కచ్చితంగా ఉండాలి. బొమ్మ కోసం కొత్త ప్లాస్టిక్ కొనకూడదు. అల్లినామెకు పట్టిన గంటలు లెక్కకట్టి కూలి ఇవ్వాలి. బొమ్మ కింద ఆమె పేరు రాయాలి. దాన్ని రాజమండ్రిలో దామెర్ల రామారావు చిత్రశాల వంటి చోట, నలుగురూ చూసేలా పెట్టాలి.

బొమ్మతో సముద్రం శుభ్రపడిపోదు, నిజమే. 2022 జూలై 1 నుంచి ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ వస్తువులు కొన్నిటిని దేశమంతా నిషేధించినా, బజారుకి ఉత్తచేతులతో వెళ్లే అలవాటు మనల్ని వదల్లేదు. కాని తన చేత్తో కవరుని దారంగా కత్తిరించి తాబేలు మెడకి చుట్టి చూపించిన మనిషి, మరో కవరు పారేసేముందు ఒక్క క్షణం ఆగుతుంది. చూసిన పిల్లలూ ఆగుతారు.

ఈసారి మీ పిల్లల స్కూల్లో ఇలాంటి పోటీ పెడితే, మాస్టారితో ఒక మాట చెప్పండి. థర్మాకోలుకి పెట్టే డబ్బు లేసు అల్లే ఒకామెకిచ్చి, పిల్లలకి ఆ అల్లిక నేర్పించమనండి.